కళ్ళు నెత్తికెక్కిన మనిషి

మా నాన్న మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాయమని తెలిసినవాళ్ళు సలహా చెప్పారు. తగ్గితే నేనసలు రాయను. ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగుతాను, అంతే. ఆసుపత్రిలో నాకు ముక్కు మీద కోపమని పేరు. పేషెంట్లు లోపలికి వచ్చే ముందు రిసెప్షన్ అమ్మాయిని "మేడమ్ ఇయ్యాల ఎట్లున్నరు?" అని అడిగి మరీ వస్తారు. ఆ పేరు నేనేం చెరుపుకోదలచుకోలేదు.

మాది కళ్ళ డాక్టర్ల ఇల్లు. నాన్న కడప జిల్లా మనిషి. సర్కారు ఉద్యోగం వదిలేసి మణికొండలో ఆసుపత్రి పెట్టినప్పుడు ఇక్కడ బండరాళ్ళు, సీతాఫలం పొదలు తప్ప ఏమీ లేవు. "బండలకు కళ్ళజోళ్ళు అమ్ముతావా?" అని చుట్టాలు ఎగతాళి చేశారట. ఇప్పుడు ఆ బండలు పగలగొట్టిన చోటల్లా అపార్ట్‌మెంట్లే. కింద ఆసుపత్రి, పైన మేం. ముందు గదిలో కళ్ళజోళ్ళ కౌంటరు అమ్మది. లోపల ఒక గది నాన్నది, ఇంకొకటి నాది. నేను ఈ పనిలోకి వచ్చి పాతికేళ్ళు దాటింది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు. "మేడమ్, నాకు సైట్ వచ్చింది" అంటారు. చూపు తగ్గితే సైట్ వచ్చిందనడం మన తెలుగువాళ్ళకే చెల్లింది. కళ్ళు ఆర్పడం మరిచిపోయి స్క్రీన్ చూస్తూ కూర్చుంటే కళ్ళు మండక ఏం చేస్తాయి? కాసేపు లేచి కిటికీలోంచి దూరంగా చూడండర్రా అంటే వినరు, స్నేహితుడు చెప్పిన నీలం అద్దాలు కావాలంటారు. అక్కర్లేదని పంపిస్తే ఇంటికెళ్ళి ఫోన్లో నాకు ఒక స్టార్ ఇచ్చి, "డాక్టర్ రూడ్" అని రాస్తారు. రాసుకోనీ.

వాళ్ళ మీద వచ్చేది ఉత్త చిరాకు. అసలు కోపం నీటికాసుల పేషెంట్ల మీద. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం మెల్లగా ఎండిపోయే జబ్బది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది. నట్టనడుమ చూపు మాత్రం చాలా కాలం అలాగే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. గోడ మీద అక్షరాల అట్టలో చివరి వరుస గడగడా చదువుతాడు, లేచి వెళ్తూ పక్కనున్న స్టూలుకి తగులుకుంటాడు. పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నది నిలవాలంటే జీవితాంతం రోజూ చుక్కలు వేసుకోవాలి. ఇంత చెప్పి పంపిస్తే, ఏడాది తర్వాత వచ్చి "బాగానే కనిపిస్తోంది కదా మేడమ్, అందుకే మానేశా" అంటారు. నా ఒళ్ళు మండిపోతుంది.

అలాంటి వాళ్ళను నేను నాన్న గదిలోకి తోసేదాన్ని. ఆయన అరిచేవాడు కాదు. వాళ్ళకు తన అమ్మ కథ చెప్పేవాడు. ఆమెను మేం జేజి అనేవాళ్ళం. నలభై దాటాక ఆమెకు చూపు తగ్గుతుంటే ఎవరికీ తెలియలేదు. గడప తట్టుకుంటే చూసుకుని నడవమన్నారు, చెంబు తన్నితే ఒళ్ళు కొవ్వెక్కిందన్నారు. చివరికి నడిమి చూపు కూడా పోయాక ఎద్దుల బండిలో పట్నానికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, ఆలస్యం చేశారు పొమ్మన్నాడు. నాన్న కళ్ళ డాక్టరు అయింది అందుకే. "మా యమ్మకు చుక్కలు దొరకల్యా. మీకు దొరికినాయి. వేసుకోను అంటే నేనేం చేసేది సామీ?" అనేవాడు. తర్వాత తప్పకుండా ఇంకో మాట అనేవాడు. "ఇది ఇంటిపేరు మాదిరి వస్చాది. మీకుందంటే మీ పిల్లోళ్ళు గూడా చూపించుకోవల్ల." ఆ మాటకి ఎంత గట్టివాళ్ళయినా దిగివచ్చేవాళ్ళు.

ఆ ఇంటిపేరే మాది కూడా. మరి మా కళ్ళు ఎవరు చూసేవారని అడుగుతారేమో. మా ఇంట్లో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్ళ కళ్ళు ఇంట్లోవాళ్ళు చూడకూడదు. కన్నబిడ్డ కంట్లో చెడు కనిపిస్తే చేయి ఆగుతుందని, మనసు లేదని చెబుతుందని నాన్న పెట్టిన నియమం. ఆయనతో చదువుకున్న స్నేహితుడొకాయనకి కోఠిలో ఆసుపత్రి ఉండేది. ఏటా వేసవిలో అందరం అక్కడికి వెళ్ళి కళ్ళు చూపించుకుని, బయట బిర్యానీ తిని వచ్చేవాళ్ళం. ఆ స్నేహితుడు పోయి ఏళ్ళయింది. తర్వాత ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో మేం మాట్లాడుకోనేలేదు. రోజూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఊరందరి కళ్ళూ చూసి పైకొచ్చి అన్నం తినే మేం, ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకున్నది లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

ఇంకో అలవాటు కూడా ఉండేది నాన్నకి. పొద్దున్నే మొదటి పేషెంటు రాకముందు తన గదిలో లైట్లు ఆర్పించి, అక్షరాల డబ్బా వెలిగించి, పేషెంటు కుర్చీలో తనే కూర్చునేవాడు. అది ఆయన మొదట్లో బోర్డులు రాసే పెయింటరుతో పాలగాజు మీద రాయించుకున్న తెలుగు అక్షరాల పలక, వెనకాల ట్యూబులైటు. ఒక కన్ను అరచేత్తో మూసుకుని చివరి వరుస చదివేవాడు. తర్వాత రెండో కన్ను మూసుకుని చదివేవాడు. "అంగడి తెరిచేముందు తక్కెడ సరిచూసుకోవల్ల" అనేవాడు. ర, ప, గ, ట, న, ల, వ. చిన్నప్పుడు నేనా వరుసను అన్నం తింటూ పాటలా పాడుకునేదాన్ని. అంత వయసులో పెద్దసారు చివరి వరుస చదువుతాడని స్టాఫ్ పేషెంట్లకు గొప్పగా చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను.

కొన్నేళ్ళ కిందట ఉన్నట్టుండి ఆపరేషన్లు మానేశాడు. "చేయి వణుకుతాంది పాపా, ఇంగ నువ్వే చెయ్యి" అన్నాడు. ఎంతమంది డాక్టర్లు వణికే చేతులతో లాక్కొస్తుంటారో నాకు తెలుసు కాబట్టి మా నాన్నంటే మహా గర్వపడ్డాను. ఆ తర్వాత కారు నడపడం మానేశాడు. ఈ ట్రాఫిక్‌లో తనవల్ల కాదన్నాడు. ఈ రోడ్ల మీద ఎవరివల్ల అవుతుంది? నమ్మాను.

మొదట ఫిర్యాదు తెచ్చింది ఖాజాగూడ పెద్దాయన. నాన్నకు తొలి పేషెంట్లలో ఒకడు. చెరువు పక్కన పొలం అమ్ముకున్నాక కూడా తలపాగా వదలలేదు, మా ఆసుపత్రీ వదలలేదు. ఒకరోజు నా గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడే అడిగాడు.

"ఏమమ్మా, పెద్దసారుకు ఇగ మేం కండ్లకు ఆనుతలేమా?"

"ఏమైంది పెద్దయ్యా?"

"ఏమైతది? పక్కకెల్లి వొయ్యి రెండు చేతులెత్తి మొక్కిన. జూడనట్టే వొయ్యిండు. ఒక్కపారి గాదు, మూడుపార్లు. మేం మారలే బిడ్డా, గట్లనే ఉన్నం. సారుకే కండ్లు నెత్తికెక్కినయ్."

నేను క్షమించమని చెప్పి టీ తెప్పించాను. లోపల మాత్రం నాన్న మీద బాగా కోపం వచ్చింది. బండల మధ్య ఒక్కడే కూర్చున్న రోజుల్లో ఊరినుంచి మనుషుల్ని తోలుకొచ్చింది ఈ పెద్దాయనే. 

ఆ నెలలోనే హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్ళు ఉద్యోగులకు కళ్ళ పరీక్షలు పెట్టి మమ్మల్ని పిలిచారు. అద్దాల మేడ, కింద అద్దంలాంటి నేల. లిఫ్టు పక్కన ఒక అమ్మాయి పూలగుత్తి పట్టుకుని నాన్న కుడివైపున నిలబడి "వెల్కమ్ సర్" అంది. ఆయన మొహం తిప్పకుండా ముందున్నవాళ్ళతో మాట్లాడుతూ వెళ్ళిపోయాడు. వాళ్ళ మేనేజరు పక్కనుంచి చేయి చాపాడు. ఆ చేయి అలా గాల్లో ఉండి, జేబులోకి వెళ్ళిపోయింది. నా వెనకాల ఒక కుర్రాడు పక్కవాడితో "ఓల్డ్ మ్యాన్‌కి యాటిట్యూడ్ బానే ఉంది బ్రో" అన్నాడు. ఆ పూలగుత్తి నేనే తీసుకున్నాను. రోజంతా పళ్ళు బిగబట్టుకుని వాళ్ళందరి కళ్ళూ చూశాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో కడిగిపారేశాను.

"నాన్నా, జనం ఏమంటున్నారో తెలుసా నీకు?"

"ఏమంటాండారు?"

"కళ్ళు నెత్తికెక్కాయంటున్నారు. ఖాజాగూడ ఆయన చేతులెత్తి దండం పెడితే పలకవా? ఆ పిల్ల పూలు పట్టుకుని నిలబడితే ఎటో చూస్తూ పోతావా? మనకెప్పటినుంచి వచ్చిందీ పొగరు?"

ఆయన సిగ్నల్ దగ్గర బండి ఆగాక నవ్వాడు.

"అననీలే పాపా. ఇన్నేండ్లు పని చేసినాక ఆ మాత్రం నెత్తికెక్కగూడదా?"

ఆ నవ్వు చూసి నాకు ఇంకా మండింది.

కొన్ని రోజులకు, పొద్దున ఆయన తక్కెడ సరిచూసుకునే వేళ, నేను రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను. నాతోపాటు రిసెప్షన్ అమ్మాయి కూడా ఉంది. గదిలో చీకటి, డబ్బా ఒక్కటే వెలుగుతోంది. ముందు కుడికన్ను మూసుకుని ఎడమకంటితో చదివాడు. తర్వాత ఎడమకన్ను మూసుకుని మొదలుపెట్టాడు. ర, ప అనేసరికి కరెంటు పోయింది. మా సందులో రోడ్డు తవ్వుతున్నారు, రోజూ ఉన్నదే. ఇన్వర్టరు మీద ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది, ముందు గదిలో దీపం కూడా వెలుగుతోంది. అక్షరాల డబ్బాకి ఇన్వర్టరు లేదు. అది ఆరిపోయింది.

"గ, ట, న, ల, వ" అని నాన్న వరుస పూర్తిచేశాడు.

ఆ అమ్మాయి నోట్లో నువ్వుగింజ నానదు. "సార్‌కు బట్టీ వొచ్చేసింది మేడమ్!" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కరెంటు పోతే ఎవరైనా అరె అంటారు. ఆయన అనలేదు. ఎడమకన్ను మూసుకునే, చీకటి గోడవైపు తృప్తిగా తలెత్తి ఉన్నాడు. ఆ కంటికి దీపం ఉన్నదీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు.

నేను ఒక గ్లాసు ఆ అమ్మాయి చేతికిచ్చి, చప్పుడు చేయకుండా వెళ్ళి ఆయన కుడి చెంప పక్కన, ముందు గది వెలుగు పడేచోట చేయి పెట్టి వేళ్ళు ఆడించాను. ఏ యంత్రం లేనప్పుడు పక్కచూపు ఉందో లేదో చూసే పరీక్ష అది, నాకు నేర్పింది ఆయనే. వేళ్ళు ఇంకా ముందుకు తెచ్చాను. ఇంకా ముందుకు. కాఫీ వాసన తగిలినట్టుంది.

"వచ్చినావా పాపా?" అన్నాడు, ఇంకో వైపు చూస్తూ.

ఆ రోజు ఆయన పేషెంట్లనందరినీ నా గదిలోకి మళ్ళించాను. ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు. మధ్యాహ్నం పైకి వెళ్ళేసరికి అమ్మ కంచాలు పెడుతోంది. ఆయన కంచానికి కుడిపక్కన ఉండాల్సిన నీళ్ళ గ్లాసు ఎడమపక్కకి జరిపి పెట్టింది. ఎన్నాళ్ళనుంచి అలా పెడుతోందో! నేను రోజూ ఆ బల్ల దగ్గరే కూర్చుని తింటున్నాను.

"నీకు తెలుసు కదమ్మా" అన్నాను.

అమ్మ పప్పు గిన్నె తెచ్చింది. అగ్గిమీద గుగ్గిలం అయ్యాను. ఎంతకాలంగా అని అరిచాను. కంచం ముందు కూర్చున్న నాన్న వైపు తిరిగి, కంటి డాక్టరువై ఉండి చుక్కలు కూడా వేసుకోలేదా అని అరిచాను.

"గట్టిగా అరవద్దు పాపా, కిందికి ఇనపడతాది" అంది అమ్మ. "ఏసుకున్న్యాడు. నేనే ఏస్తాంటి. మళ్ళ మానిపించినాడు."

"ఎందుకు?"

నాన్న అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "ఆ మందుకు రెప్పల ఎంటికలు పొడుగైతాయి. నీకు తెలుసు గదా. నువ్వు కనిపెడతావని మానేసినా."

చదివేవాళ్ళకి ఇది అర్థం కావాలి. ఆ చుక్కలు వేసుకున్నవాళ్ళ కనురెప్పల వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా పెరుగుతాయి. మామూలు మనుషులు చూసినా గమనించరు. కళ్ళ డాక్టరు గుమ్మంలోనే పసిగడుతుంది. ఇంకో రకం చుక్కలు ఆయనకున్న ఆయాసానికి పడవు. ఇంట్లో కళ్ళ డాక్టరు లేకపోయి ఉంటే మా నాన్న రోజూ ఒక చుక్క వేసుకుని, ఈ పాటికి కులాసాగా ఉండేవాడు. ఇంట్లో నేను ఉండటం వల్ల ఆయన కన్ను పోయింది. ఇంతకన్నా వెర్రిపని ఊళ్ళో చదువురాని ఏ పేషెంటూ చేయలేదు. ఇప్పుడు మళ్ళీ అవే చుక్కలు రోజూ నేనే వేస్తున్నాను. రెప్పల వెంట్రుకలు పెరిగాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు మళ్ళీ మొదటినుంచీ మండుతుంది.

"కనిపెడితే ఏమయ్యేది? చంపేసేదాన్నా? చేయి వణుకుతోందని ఆపరేషన్లు మానేశావు. అదీ అబద్ధమేనా?"

"పేషెంట్లను చెరపలా గదా. వాళ్ళకు ఏమీ కాకముందే మానేసినా."

"పేషెంట్లకు న్యాయం చేశావు. నీ కంటికి?"

ఆయన చేయి కంచంలో ఆగింది. "మా యమ్మకు చూపు పోయినాక, తిన్న్యావా అని ఆమెను ఎవురూ అడగల్యా పాపా. తినిందా అని పక్కనోళ్ళను అడిగేవాళ్ళు. ఆమె ఆడ్నే కూచోనుంటే, మాట అంతా ఆమె తలమీంద నుంచి పోయేది. నాకు అదొక్కటి వద్దనుకున్న్యా. పొగరన్నా అననీ."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాదనను. అయినా కోపం పోలేదు, నీళ్ళూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అభిమానమంటే ఇదా? గుడ్డివాడు అనిపించుకోకూడదని గర్విష్ఠి అనిపించుకోవడానికి సిద్ధపడ్డాడు. ఖాజాగూడ పెద్దాయన చేత మాట పడ్డాడు, కారులో నా చేత పడ్డాడు, నవ్వాడు.

ఎడమకన్నయినా మిగలాలి. నా తాపత్రయం అంతా ఇక దాని మీదే. దాని చూపు ఎంత మేర ఉందో కొలవాలి, ఒత్తిడి చూడాలి, మందు మొదలుపెట్టాలి, అవసరమైతే ఆపరేషన్ చేయించాలి. ఆయనేమో కదలనన్నాడు. నియమం నియమమే అన్నాడు. బయట డాక్టరు దగ్గరికి రమ్మంటే, ఊళ్ళో కళ్ళ డాక్టర్లలో సగం మంది తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళేనని, వాళ్ళ ముందు గడ్డం ఆనించి కూర్చోనని అన్నాడు. మూడు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

నాలుగో రోజు పొద్దున నేను ఆయన గదిలోకి వెళ్ళి పేషెంటు కుర్చీలో కూర్చున్నాను.

"ఏంది?" అన్నాడు.

"నా కళ్ళు చూడు."

"నియమం..."

"నియమం గంగలో కలవనీ. ఇది ఇంటిపేరులా వస్తుందని ఊరందరికీ చెప్పావు కదా. నీకుందని దాచావంటే నాకు రావచ్చని కూడా దాచావు. నాకు యాభై దాటాయి నాన్నా. ఇన్నేళ్ళుగా నా కళ్ళు ఎవరు చూశారు?"

ఆయన మొహం పాలిపోయింది. అంతవరకు ఆ మాట ఆయనకు తట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. పేషెంట్లకు రోజూ చెప్పిన మాటే, తన ఇంట్లో తట్టలేదు. దాచడంలో పడి మరిచిపోయాడు. గబగబా లేచి, లేవడంలో కుడిమోకాలు బల్లకు కొట్టుకుని, యంత్రం దగ్గరికి లాక్కున్నాడు. ఎడమకంటితోనే నా కంటి లోపలికి చూశాడు. లెన్సు పట్టుకున్న ఆయన చేయి ఆ రోజు మాత్రం నిజంగానే వణికింది. చూశాడు, మళ్ళీ చూశాడు. ఒత్తిడి కొలిచాడు.

"బాగుండాది" అన్నాడు చివరికి. "రెండు కండ్లూ బాగుండాయి. ఏడాదికి ఒకతూరి మరిచిపోకుండా చూపించుకో."

తర్వాత ఏమీ అనకుండా లేచి, పేషెంటు కుర్చీ వైపు నడిచాడు. నేను లేచి చోటిచ్చాను.

లోపల చూస్తే కుడికంటి నరం తెల్లగా పాలిపోయి ఉంది. ఎడమది అక్కడక్కడా ఇంకా గులాబీరంగులో ఉంది. పక్కచూపు కొలిచే యంత్రం మా దగ్గర ఒక చిన్న చీకటి గదిలో ఉంటుంది. పెద్ద తెల్ల గిన్నెలాంటి దానిలోకి గడ్డం ఆనించి, నడుమ పసుపు దీపాన్నే చూస్తూ కూర్చోవాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న చప్పుడుతో తెల్లటి వెలుగు చుక్క మెరుస్తుంది. కనిపిస్తే చేతిలో బటన్ నొక్కాలి. మధ్యమధ్యలో అది చుక్క వేయకుండా ఉత్త చప్పుడు మాత్రమే చేస్తుంది, మనిషి నిజం చెబుతున్నాడో లేదో తెలుసుకోవడానికి. ఆ రోజు నాన్న ఎడమకంటికి ఆ పరీక్ష పెట్టాను. టకటకా నొక్కేశాడు. కాగితం బయటికి వచ్చింది చూస్తే, నమ్మదగినది కాదని యంత్రం గుర్తు పెట్టింది. చుక్క లేనప్పుడు కూడా చప్పుడు విని నొక్కాడు.

ఆ గదిలో నేను అరిచిన అరుపు ముందు గదిలో కూర్చున్న పేషెంట్లందరూ విన్నారు. "దొంగనొక్కుడు నొక్కొద్దని ఎంతమందికి చెప్పావు నువ్వు? యంత్రాన్ని మోసం చేస్తే జబ్బు మోసపోతుందా? నీ లెక్క తప్పు వస్తే నీ మందు తప్పు అవుతుంది. ఉన్న ఈ ఒక్కటీ పోగొట్టుకుంటావా? నిజం చెప్పడం చేతకాదా నీకు?" అని పేషెంటును తిట్టినట్టే తిట్టాను. ఆయన బటన్ ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుని విన్నాడు.

మందు మొదలుపెట్టి, వారం ఆగి మళ్ళీ పరీక్ష అనుకున్నాం. ఈ లోపల ఒకపని ఆయనే చేశాడు. ఖాజాగూడ పెద్దాయనను పిలిపించి, "మామా, నాకు కుడిపక్క కనపడదు. పొగరు కాదు" అని చెప్పాడు. "గీ ముచ్చట ముందుగాల్నే జెప్పొద్దా సారూ, నేనెన్ని మాట్లంటి!" అని పెద్దాయన కుర్చీ చుట్టూ తిరిగి ఎడమవైపుకొచ్చి మళ్ళీ రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నాన్న కూడా రెండు చేతులెత్తి పెట్టాడు.

వారం తర్వాత చీకటి గదిలో మళ్ళీ కూర్చున్నాం. యంత్రం నడిపే అమ్మాయి కొత్తది. అన్నీ వివరించి, నావైపు తిరిగి, "సార్‌కి అర్థమైందా మేడమ్?" అంది.

"ఆయన్నే అడుగు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, ఆ పిల్ల బెదిరిపోయింది. పాపం, దాని తప్పేం లేదు.

"సార్, అర్థమైందా అండి?"

"అయింది తల్లీ" అన్నాడు నాన్న. కుడికంటికి గంత కట్టించుకుని, గడ్డం ఆనించి, బటన్ చేతిలోకి తీసుకున్నాడు. తలుపు వేశాం. యంత్రం మొదలైంది. చిన్న చప్పుడు, చుక్క. నాన్న నొక్కాడు. చిన్న చప్పుడు, చుక్క. నొక్కాడు. నడిమి దీపం చుట్టూ పడిన వాటన్నిటికీ నొక్కాడు. నేను ఆయన వెనక నిలబడి గోడకు ఆనుకున్నాను.

తర్వాత చుక్కలు అంచులకు వెళ్ళాయి. చప్పుడు వచ్చింది. నాన్న నొక్కలేదు. మళ్ళీ వచ్చింది. నొక్కలేదు. తెర పక్కనున్న చిన్న వెలుతురులో ఆయన బొటనవేలు బటన్ మీద సిద్ధంగా ఉండటం కనిపిస్తోంది. అది కదలడం లేదు. ఆయనకి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది, నాకు తెలుసు. చెవులు ఇప్పటికీ పాము చెవులు. చప్పుడు, ఏమీ లేదు. చప్పుడు, ఏమీ లేదు. అది ఎంతసేపటికీ అయిపోలేదు.

నిజం చెప్పమని అరిచింది నేనే. ఆయన చెబుతున్నాడు. నా పిడికిలి బిగుసుకుని, నా బొటనవేలు నాకు తెలియకుండానే అరచేతిలోకి గుచ్చుకుంటోంది. నొక్కు నాన్నా, అనుకుంటున్నాను. అబద్ధమైనా సరే, ఈసారి నేనేమీ అనను, ఒక్కటి నొక్కు. చప్పుడు వచ్చింది. ఆయన నొక్కలేదు.